రైలే ఆ ఊరి గడప

ఊళ్ళోకి రోడ్డు లేదు. బస్సు రాదు. కారు కనబడదు. అయినా అక్కడ కాపురాలు చక్కగా సాగిపోతున్నాయి. పిల్లలు చదువుకుంటున్నారు, ఇల్లాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళొస్తున్నారు. ఆల్ప్స్ కొండల్లో ఉన్న వెంగెన్ అనే ఆ ఊరినీ, దాన్ని నూట ముప్పై ఏళ్ళుగా నడిపిస్తున్న చిన్న రైల్వేస్టేషన్‌నీ ఓసారి చూసొద్దాం రండి!

స్విట్జర్లాండ్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది సినిమా పాట. వెనకాల మంచుకొండ, ముందు పచ్చిక, మధ్యలో పల్చటి షిఫాన్ చీరలో హీరోయిన్. హీరోగారికేమో ఉన్ని కోటూ, మఫ్లరూ! పాట అయిపోతుంది. సామాను సర్దుకుని యూనిట్ వెళ్ళిపోతుంది.

మరి ఆ మంచుకొండల్లోనే ఏడాది పొడుగునా కాపురం చేసే ఆడవాళ్ళ సంగతేమిటి? పిండీ, వెన్నా, కూరగాయలూ ఎలా వస్తాయి? కొత్త ఫ్రిజ్ కొంటే ఇంటికి చేరేదెలా? పంటినొప్పి వస్తే ఏం చేస్తారు? పిల్ల పై చదువుకు వెళ్ళాలంటే హాస్టల్లో చేర్పించాల్సిందేనా?

వెంగెన్‌లో వీటన్నిటికీ ఒకటే జవాబు... స్టేషన్!

బెర్న్ కాంటన్‌లో (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) లౌటర్‌బ్రునెన్ అని ఒక లోయ ఉంది. రెండువైపులా గోడ కట్టినట్టు నిటారుగా కొండలు. ఆ కొండల మీంచి జలపాతాలు దూకుతుంటాయి. వాటిలో స్టౌబ్‌బాహ్ అనేది దాదాపు 300 మీటర్ల ఎత్తునుంచి పడుతుంది. లోయ అడుగున 796 మీటర్ల ఎత్తులో లౌటర్‌బ్రునెన్ స్టేషన్. అక్కడ తలెత్తి చూస్తే కొండ భుజం మీద కూర్చున్నట్టు కనిపించే ఊరే వెంగెన్. ఎత్తు 1,274 మీటర్లు. కింది ఊరికీ పై ఊరికీ మధ్య దాదాపు అర కిలోమీటరు నిట్టనిలువు తేడా అన్నమాట!

కారులో వచ్చినవాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా లౌటర్‌బ్రునెన్ స్టేషన్ పక్కనున్న అంతస్తుల పార్కింగులో దాన్ని వదిలేయాల్సిందే. అక్కణ్ణుంచి పావుగంట రైలు ప్రయాణం. లేదూ, కాళ్ళలో సత్తువుంటే కొండదారి పట్టి చెమటోడ్చి ఎక్కడం.

వెంగెన్ స్టేషన్‌లో పెద్ద హంగామా ఏమీ ఉండదు. కొన్ని పట్టాలు, చిన్న భవనం, ప్లాట్‌ఫారం. నాలుగడుగులు వేస్తే ఊరి బజారు. దగ్గర్లోనే కిరాణా సూపర్‌మార్కెట్. రైలు ఆగగానే హోటళ్ళవాళ్ళ బ్యాటరీ బండ్లు వచ్చి అతిథుల పెట్టెలు వేసుకుని వెళ్ళిపోతాయి. ఊళ్ళో తిరిగే వాహనాలంటే ఇలాంటివే, అవీ తక్కువే. హారన్ మోతల్లేవు, పొగ లేదు. ఇంటిముందు పిల్లాడు ఆడుకుంటుంటే 'ఒరేయ్, బండొస్తోంది!' అని వంటింట్లోంచి కేకేసే పనిలేదు. ఈ ఒక్కదానికైనా ఆ ఊరి తల్లుల్ని చూసి కాస్త అసూయపడొచ్చు, ఏమంటారు?

నిచ్చెన ఎక్కే బండి

అంత ఏటవాలు కొండను రైలు ఎలా ఎక్కుతుందన్న అనుమానం రావడం సహజం. మామూలు పట్టాల మీదైతే చక్రాలు జారిపోతాయి. అందుకే రెండు పట్టాల మధ్య మూడోది ఒకటి వేశారు. దాని రూపం అచ్చం నేలమీద పడుకోబెట్టిన ఇనప నిచ్చెన! ఇంజన్ అడుగున ఉన్న పళ్ళచక్రం ఆ నిచ్చెన మెట్లను ఒక్కొక్కటే పట్టుకుంటూ పైకి పాకుతుంది. దిగేటప్పుడు కూడా అదే పట్టు. వెంగెన్‌మీదుగా వెళ్ళే ఈ లైన్లో కొన్నిచోట్ల వంద అడుగులు ముందుకు వెళ్తే పాతిక అడుగులు పైకి ఎక్కుతాం. పట్టాల మధ్య దూరం 80 సెంటీమీటర్లే. చూడ్డానికి బొమ్మరైల్లా ఉంటుంది గానీ మోసే బరువు మాత్రం ఊరంత!

దీనిపేరు వెంగెర్నాల్ప్ రైల్వే. 1893లో మొదలైంది. లౌటర్‌బ్రునెన్‌లో బయల్దేరి, వెంగెన్ మీదుగా 2,061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైన షైడెగ్ చేరి, అవతలివైపు గ్రిండెల్‌వాల్డ్‌లో దిగుతుంది. మొత్తం 19 కిలోమీటర్లు. ఆవిరి ఇంజన్లతో మొదలై 1909-10లో కరెంటు లైన్ అయింది.

మన వైపునుంచి ఊటీ వెళ్ళినవాళ్ళకు ఈ పళ్ళచక్రం సంగతి కొత్తకాదు. మేట్టుపాళయం నుంచి కూనూరు ఎక్కే బుల్లిరైల్లో అలాంటిదే చూసుంటారు. ఈ రెంటికీ నిజంగానే చుట్టరికం ఉంది! నిచ్చెన పట్టాను కనిపెట్టిన స్విస్ ఇంజనీరు నిక్లాస్ రిగెన్‌బాఖ్ 1882లో నీలగిరులకు వచ్చి, అక్కడ రైలు వేయడానికి ఎంతవుతుందో అంచనా వేసిచ్చాడు. చివరకు 1899లో కూనూరు దాకా నడిచిన రైలుకు రోమన్ ఆప్ట్ అనే మరో స్విస్ ఇంజనీరు పద్ధతి వాడారు. ఆ లైన్లో పేరుమోసిన ఆవిరి ఇంజన్లు కూడా స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో తయారైనవే. అంటే ఊటీ రైలూ, వెంగెన్ రైలూ ఒక పుట్టింటి ఆడపడుచులే!

గడియారం మీద సంసారం

మన ఇళ్ళలో పాలవాడు, పేపరువాడు, పనిమనిషి... వీళ్ళ రాకపోకల మీద పొద్దుటిపూట నడుస్తుంది. వెంగెన్‌లో రోజంతా రైలు మీద నడుస్తుంది. దాదాపు అరగంటకో బండి. షాపులకు సరుకు రైల్లోనే రావాలి. టపా రైల్లోనే. ఫ్రిజ్, మంచం, కుట్టుమిషను, పెళ్ళికూతురి గౌను, పసిపిల్ల ఉయ్యాల... అన్నీ ఆ నిచ్చెన ఎక్కాల్సిందే. చెత్త కిందికి దిగాలన్నా అంతే. కిందనుంచి పైకొచ్చే ప్రతి వస్తువుకూ ఈ ప్రయాణం ఖర్చు కలుస్తుంది కాబట్టి ఇల్లాలు లెక్క చూసుకుని కొనుక్కోవాలి.

కానీ ఈ బతుకు భారం కాకుండా కాపాడేది ఒకటుంది. అది నమ్మకం. స్విట్జర్లాండ్ 1982 మే నెలలో దేశమంతటా ఒక పద్ధతి తెచ్చింది. ప్రతి గంటా అవే నిమిషాలకు బండి బయల్దేరాలి. ఉదయం 8.07కి బండి ఉందంటే 9.07కీ, 10.07కీ కూడా ఉంటుందన్నమాట. టైమ్‌టేబుల్ పుస్తకం తిరగేయక్కర్లేదు, ఒక్కసారి నిమిషాలు గుర్తుపెట్టుకుంటే చాలు. పైగా ఒక బండి దిగేసరికి రెండో బండి సిద్ధంగా ఉండేలా లెక్క కుదిర్చారు. వెంగెన్‌లో ఎక్కి లౌటర్‌బ్రునెన్‌లో దిగితే కొద్ది నిమిషాల్లోనే ఇంటర్లాకెన్ బండి. అక్కడికి మరో ఇరవై నిమిషాలు. ఇంటర్లాకెన్‌లో దిగితే దేశంలో ఎక్కడికైనా రైలుంది.

దీనివల్ల ఎక్కువ మేలు ఎవరికి? ఆలోచించండి. కారు నడపగలిగినవాడికి రోడ్డుంటే చాలు. కారు నడపలేనివాళ్ళ సంగతేమిటి? పదేళ్ళ పిల్లలు, ఎనభై ఏళ్ళ అవ్వలు, చంకలో బిడ్డతో ఉన్న తల్లులు... వాళ్ళెవరూ 'కాస్త దింపిపెట్టవా' అని ఇంకొకర్ని అడక్కుండా బయటికి వెళ్ళిరావాలంటే టైముకు వచ్చే బండి కావాలి. వెంగెన్‌లో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే రైలెక్కుతారు. ఇంటర్లాకెన్‌లో ఉన్న కాలేజీకి పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చి భోంచేయొచ్చు. చదువు కోసం పిల్లను దూరం పంపాలా, మాన్పించాలా అనే బెంగ ఆ తల్లికి లేదు. కొత్త బోగీల్లో తలుపు దగ్గర మెట్లు లేకుండా చేశారు. బాబును పడుకోబెట్టిన తోపుడుబండి అలాగే లోపలికి నెట్టుకుపోవచ్చు.

మన దగ్గర కూడా ఊరికి సాయంత్రం ఆఖరిబస్సు ఉందా లేదా అన్నదాన్నిబట్టి ఎంతమంది ఆడపిల్లల ఇంటర్ చదువు తేలిపోతుందో తెలియనిదెవరికి!

అర్ధరాత్రి ఆపదొస్తే? ఇంటర్లాకెన్‌లో ఆస్పత్రి ఉంది. రైళ్ళు లేని వేళ ప్రాణంమీదికి వస్తే హెలికాప్టర్ రావాలి. లోయలోనే దాని స్థావరం ఉంది. అయినా నెలలు నిండిన ఇల్లాలు ఉన్న ఇంట్లో మాత్రం ఆఖరి బండి వెళ్ళిపోయిన చప్పుడు వేరేగా వినిపిస్తుంది కాబోలు!

బండి టైముకే వచ్చింది, కానీ...

ఇదంతా చదివి 'అబ్బ, అక్కడి ఆడవాళ్ళు ఎంత అదృష్టవంతులో' అని నిట్టూర్చకండి. సెకన్లు లెక్కపెట్టి రైళ్ళు నడిపే ఆ దేశం ఆడవాళ్ళ హక్కుల దగ్గరకొచ్చేసరికి ఎంత లేటు చేసిందో వింటే ఆశ్చర్యపోతారు.

వెంగెన్‌కు రైలు వచ్చింది 1893లో అని చెప్పుకున్నాం కదా. స్విస్ మహిళకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1971లో! అంతకుముందు 1959లో ఈ ప్రశ్న ఓటింగుకు వస్తే, ఓటేసిన మగవాళ్ళు మూడింట రెండొంతులమంది 'వద్దు' అన్నారు. మనదేశంలో 1952 నాటికే మొదటి సాధారణ ఎన్నికల్లో మన అమ్మమ్మలు సిరా వేలితో ఇంటికొచ్చారని గుర్తుంచుకోండి. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్ అయితే స్థానిక ఓటింగులో ఆడవాళ్ళను 1990దాకా రానివ్వలేదు. సుప్రీంకోర్టు లాంటి పెద్ద కోర్టు ఆదేశిస్తే గానీ దారికి రాలేదు.

అంతేకాదు. పాత చట్టం ప్రకారం ఇంటి యజమాని భర్తే. భార్య ఉద్యోగం చేయాలంటే ఆయన సమ్మతి ఉండాలి. భార్యాభర్తలిద్దరూ సమానమేనన్న కొత్త చట్టానికి 1985లో ప్రజలు ఓటేశారు. అమల్లోకి వచ్చింది 1988 జనవరిలో. జీతంతో కూడిన 14 వారాల ప్రసూతి సెలవు దేశమంతటికీ వచ్చిందేమో 2005లో!

చాలా ఊళ్ళలో పిల్లలు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి మళ్ళీ బడికెళ్ళే అలవాటు ఉండేది. ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. మరి ఆ వేళకు పొయ్యి దగ్గర ఉండాల్సిందెవరు? అమ్మే కదా! స్విట్జర్లాండ్‌లో ఉద్యోగం చేసే ఆడవాళ్ళలో సగానికి పైగా పార్ట్‌టైం పనే చేస్తుండటానికి ఇలాంటి కారణాలెన్నో. ఇలా గంటలు లెక్కపెట్టి పనిచేసే ఇల్లాలికి కచ్చితంగా వచ్చే బండి ఎంత పెద్ద అండో వేరే చెప్పాలా? రైలు పదిహేను నిమిషాలు ఆలస్యమైతే ఆమెకు అటు జీతమైనా తెగుతుంది, ఇటు అన్నమైనా మాడుతుంది.

పైకి రైలు, కిందికి జారుడు

మొదట్లో ఈ రైలు వేసవిలో మాత్రమే నడిచేది. మంచు కురిసే నెలల్లో ఊరు తలుపులు మూసుకుని కూర్చునేది. తర్వాత చలికాలంలోనూ బండ్లు నడపడం మొదలుపెట్టారు. దాంతో ఊరి జాతకమే మారిపోయింది.

ఆ రోజుల్లో మంచుమీద స్కీ చేయాలంటే కట్టెలు భుజాన వేసుకుని కొండెక్కాలి, తర్వాత జారాలి. వెంగెన్ వచ్చిన ఇంగ్లీషువాళ్ళు దీనికో ఉపాయం పట్టారు. పైకి రైలెక్కి వెళ్ళడం, కిందికి జారుకుంటూ రావడం! 1925లో వాళ్ళు పెట్టుకున్న క్లబ్బు పేరే 'డౌన్‌హిల్ ఓన్లీ' - అంటే కిందికి జారడమే తప్ప ఎక్కే పని పెట్టుకోమని. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉత్సాహంగా దిగారు. 1931లో ఈ లోయకు అవతలి గట్టున ఉన్న మ్యూరెన్ అనే ఊళ్ళో ఆల్పైన్ స్కీయింగ్ మొట్టమొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. మహిళల విభాగంలో డౌన్‌హిల్, స్లాలొమ్ రెండిట్లోనూ గెలిచింది బ్రిటన్‌కు చెందిన ఎస్మే మెకినన్. అప్పటికి ఆ అమ్మాయి వయసు పదిహేడేళ్ళు!

వెంగెన్‌లో 1930 నుంచి జరుగుతున్న లౌబర్‌హార్న్ పోటీలు మాత్రం ఇప్పటికీ మగవాళ్ళవే. దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల జారుడు. గంటకు 150 కిలోమీటర్లు దాటే వేగం. ఒకచోట పోటీదారులు ఈ బుల్లిరైలు పట్టాల కిందనుంచే దూసుకుపోతారు. ఆ చోటి పేరు 'వాసర్‌స్టేషన్'. ఆవిరి ఇంజన్ల కాలంలో నీళ్ళు పట్టుకున్న చోటన్నమాట. ఇంజన్లు పోయాయి, పేరు మిగిలింది. జనవరిలో ఆ పోటీల రోజుల్లో పదమూడు వందలమంది ఉండే ఈ ఊరికి వేలకొద్దీ జనం వస్తారు. ఛాంపియన్లూ, చూడొచ్చినవాళ్ళూ, తినడానికి రొట్టెలూ అన్నీ అదే స్టేషన్‌లో దిగాలి. ఆ వారం ఆ ప్లాట్‌ఫారం మన పుష్కరాల రేవే!

గడప దాటిపోతుందా?

అంతా బాగుంది, మరి బాధేమిటంటారా? ఉంది.

వెంగెన్‌కు వచ్చే యాత్రికుల్లో చాలామంది లక్ష్యం యుంగ్‌ఫ్రౌయోఖ్. ఆ మాటకొస్తే యుంగ్‌ఫ్రౌ అంటే 'కన్య' అని అర్థం. 4,158 మీటర్ల ఆ కన్యాశిఖరం పక్కన 3,454 మీటర్ల ఎత్తులో యూరప్‌లోకెల్లా ఎత్తైన రైల్వేస్టేషన్ ఉంది. 1912లో ప్రారంభమైంది. మన టూరు బస్సుల తెలుగువాళ్ళు కూడా చేసేదీ ఆ యాత్రే. ఒకప్పుడు అక్కడికి వెళ్ళాలంటే అయితే వెంగెన్ మీదుగా, కాకపోతే గ్రిండెల్‌వాల్డ్ మీదుగా క్లైన షైడెగ్‌కు రావాల్సిందే. 2020 డిసెంబర్‌లో గ్రిండెల్‌వాల్డ్ వైపునుంచి కొత్త రోప్‌వే వచ్చింది. పావుగంటలో ఐగర్ కొండ మంచునది దగ్గర దింపేస్తుంది. మొత్తం ప్రయాణంలో 47 నిమిషాలు కలిసొస్తుందట. తొందరలో ఉన్న టూరువాళ్ళకు ఇంకేం కావాలి?

ఇంకో చిక్కు ఇళ్ళది. కొండమీద అందమైన ఊరు కదా, డబ్బున్నవాళ్ళు సెలవుల కోసం ఇళ్ళు కొనుక్కుంటారు. ఏడాదిలో నాలుగు వారాలుంటారు, మిగతా రోజులు తాళాలు. యజమానులకు కూడా ఊరివాళ్ళకు అద్దెకివ్వడం కంటే యాత్రికులకు వారానికింతని ఇవ్వడమే లాభం. దాంతో హోటల్లో వడ్డించే అమ్మాయికీ, బడిలో చెప్పే టీచరమ్మకూ అద్దెకు ఇల్లు దొరకదు. సెలవు ఇళ్ళు ఊళ్ళో అయిదో వంతు మించకూడదని 2012 మార్చిలో దేశమంతా ఓటేసి చట్టం తెచ్చుకుంది. కొత్తవి కట్టడం తగ్గింది గానీ, ఉన్నవాటి తాళాలు తెరిచేదెవరు? కింద లోయలోనేమో యాత్రికుల కార్లు కిక్కిరిసి, 2024లో లౌటర్‌బ్రునెన్ పెద్దలు పగటిపూట కార్లలో వచ్చి పోయేవాళ్ళ దగ్గర రుసుం వసూలు చేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించేదాకా వచ్చింది.

ఊళ్ళో ఏడాది పొడుగునా ఉండే కుటుంబాలు తగ్గితే బడిలో పిల్లలు తగ్గుతారు. అప్పుడు యాత్రికులు లేని నవంబరు నెలలో, పొగమంచు కమ్మిన సాయంత్రం అరగంటకో బండి ఎవరికోసం నడపాలి? స్టేషన్ ఊరిని బతికించింది నిజమే. స్టేషన్‌ను బతికించాల్సింది మాత్రం ఆ ఊళ్ళో పొయ్యి వెలిగించే ఇళ్ళే.

మీరు వెళ్తే...

పిల్లల దగ్గరికో, టూరులోనో మీలో ఎవరైనా అటు వెళ్ళే అవకాశం వస్తే మంచుశిఖరం ఒక్కటే చూసి వచ్చేయకండి. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో లౌటర్‌బ్రునెన్ బండి ఎక్కండి. ముందే చూసుకోండి, ఆ రైలు దారిలో రెండుగా విడిపోయి సగం గ్రిండెల్‌వాల్డ్ వెళ్తుంది. మీ పెట్టె కూర్చున్న బోగీ ఏ ఊరిదో బోర్డు చదువుకోవాలి! లౌటర్‌బ్రునెన్‌లో దిగి పళ్ళచక్రాల బండి మారండి. ఎక్కేటప్పుడు లోయా, జలపాతమూ కనిపించే కిటికీ పక్కన కూర్చోండి. వేసవిలోనైనా స్వెట్టరు, తడిసినా జారని బూట్లు మరవద్దు. చీరే కట్టుకుంటామంటే లోపల ఉన్ని లెగ్గింగ్స్ వేసుకోండి. హీరోయిన్లతో పోటీ మనకొద్దు!

వెంగెన్‌లో దిగి ఒక్క గంట స్టేషన్ దగ్గర బెంచీమీద కూర్చోండి. రెండు బండ్లు వస్తాయి, రెండు బండ్లు పోతాయి. బ్యాగులతో పిల్లలు దిగుతారు. కూరగాయల సంచితో ఒకావిడ దిగుతుంది. కర్ర పట్టుకున్న ముసలావిడ నెమ్మదిగా ఎక్కుతుంది. ఎవరి ముఖంలోనూ కంగారుండదు. అరగంటలో ఇంకో బండి ఉందని వాళ్ళకు తెలుసు.

మనం గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ముగ్గేస్తాం. ఇంట్లోకి వచ్చే మంచి ఏదైనా ఆ గడప మీదుగానే రావాలి కదా! వెంగెన్‌వాళ్ళ గడపకు పసుపూ కుంకుమా ఉండవు. చలికాలం తెల్లవారుజామున లేచి, మొదటి బండి వచ్చేలోగా దానిమీద పేరుకున్న మంచును శుభ్రంగా తోసేస్తారు. వాళ్ళ పూజ అంతే!